అప్పడాల కర్ర లాంటి పిస్తోలు

సెప్టెంబర్ 11, 1982
టౌన్ ఆఫీసు వాళ్ళ దగ్గర్నుంచి కాగితం. నెలాఖరు తర్వాత ఇంట్లో పిస్తోలు ఉండకూడదట, గురి పోటీలదైనా సరే. రెండే దారులు — గొట్టం శాశ్వతంగా మూయించాలి, లేదా టౌన్ బయట క్లబ్ లాకర్లో పెట్టాలి. క్లబ్ నలభై మైళ్ళు. ఈయన తీసుకెళ్ళేది ఆదివారాలే. నవంబర్లో నా పోటీ... రోజూ ఇంట్లో చెయ్యి నిలిపే సాధన లేకపోతే ఎలా?

సెప్టెంబర్ 14
"అమెరికన్ సిటిజన్‌షిప్ ఇంటర్వ్యూ ముందు మనకి ఏ కేసూ వద్దు వసంతా. గొట్టం మూయించేసి షోకేస్‌లో పెట్టుకో," అన్నారు ఈయన. చంపి బొమ్మలకొలువులో పెట్టమన్నట్టుంది.

సెప్టెంబర్ 15
పులుసులో ఉప్పు ఎక్కువైంది. కిక్కురుమనకుండా తిన్నారు.

సెప్టెంబర్ 19
లాకర్లోనే పెట్టాం. పిడి మాత్రం ఈయన మరలు విప్పి జేబులో వేసుకున్నారు. "ఇది ఉత్త వుడ్డే కదా," అని క్లబ్ సెక్రటరీని రెండుసార్లు అడిగి మరీ. పోయినేడు ఆ పిడి చెక్కింది ఈయనే. కొలతకని చపాతీ పిండిలో నా పిడికిలి అచ్చు తీశారు. పిస్తోలు చూస్తే రెండడుగులు వెనక్కి వేసే మనిషి.

అక్టోబర్ 3
గరాజ్‌లో రంపం చప్పుడు. పిలిస్తే "వస్తున్నా". రారు.

అక్టోబర్ 10
నా చేతిలో పెట్టారు — నా పిడి, దానికో పొడుగు చెక్క, లోపల గాలానికి కట్టే సీసం ముక్కలు. "కిచెన్ స్కేల్ మీద చూశా. నీ పిస్తోలుకీ దీనికీ ఔన్సు తేడా లేదు." పిస్తోలు ఆకారం కూడా రానివ్వలేదు, పిరికి మహానుభావుడు. "ఎవరైనా అడిగితే అప్పడాల కర్ర అని చెప్పు." ఎంత ముద్దొచ్చారో. చెప్పలేదు.

అక్టోబర్ 17
పొద్దున వంటింటి కిటికీ దగ్గర చెక్కతో ఇరవై నిమిషాలు సాధన. చెయ్యి కదల్లేదు.

అక్టోబర్ 26
ఆయుధపూజ. చెక్కకి బొట్టు పెట్టాను. "నీ ఆయుధం లాకర్లో ఉందిగా?" అన్నారు. "ఇదే," అన్నాను. ఆయన ఉలికి కూడా పెట్టాను.

నవంబర్ 6
పోటీ రేపే. ఇవాళ సెలవు పెట్టి క్లబ్‌కి తీసుకెళ్ళారు. పిడి బిగించి అసలుదాన్ని పట్టుకుంటే కొత్తగా ఉంది... మొదటి అయిదు గుళ్ళూ పక్కకే పోయాయి. ఇన్నాళ్ళూ బయట కార్లో కూర్చునే మనిషి, రేపు లోపలికి వస్తారట, చెవుల్లో దూది పెట్టుకుని. "పోతే పోనీ. ఇంటికొచ్చి అప్పడాలు చేసుకుందాం."
నవ్వాను. కానీ నాకు గెలవాలనుంది. ఆయన చూస్తుండగా.