పూడ్చని మగ్గం గుంత

బాపూ,

రేపు నీ సంవత్సరీకం. రామన్నపేటలో ఏళ్లుగా తాళం వేసి ఉన్న నేత షెడ్డును కిరాయి ఇల్లు దొరకని వాళ్లకు ఇళ్లుగా మారుస్తున్నారు. తాపీపని నాదే. కాళ్లు దించి నేయడానికి నేలలో మగ్గం గుంత తవ్వుతామని భయపడి మనకెవడూ ఇల్లివ్వలేదు. ఉండటానికి గది ఇస్తారని నువ్వు నేత మానేసి ఓ అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌వయ్యావు. అప్పుడు కూడా ఇక్కడి గుంతలన్నీ ఖాళీగానే ఉన్నాయి. తలచుకుంటే ఒళ్లు మండుతోంది.

అన్నీ పూడ్చమన్నారు. వరసగా పూడుస్తూ వచ్చాను. ఈ ఇళ్లలో మనకూ ఒక గది ఇచ్చారు. ఆ గదిలో అమ్మ గుంతలోకి కాళ్లు దించి కూర్చుంది.

“లేవే అమ్మా, సిమెంటు గట్టిపడ్తాంది.”

“పడనియ్యి. నేను గీడనే నేస్త.”

“సూపర్‌వైజర్ తిడ్తడే.”

“తిట్టనియ్యి. గీ ఇంటికి ఓనరు లేడు కదరా!”

సిమెంటు తట్ట ఎత్తుకుని పక్క గదికి నడిచాను, బాపూ.