షట్టరు సంరక్షకురాలి డిసెంబరు

డిసెంబరు 1
పెద్ద వార్త. గ్యారేజీ మూల నాదయ్యే అవకాశం వచ్చింది.

పుప్పాలగూడలో మాది ఇరుకు స్థలం. కింద గ్యారేజీ, పైన ఇల్లు. మెట్లు గ్యారేజీలోంచే. రిమోట్ నొక్కి షట్టరు లేపితేనే ఎవరైనా లోపలికి రాగలరు. కారు వెనక ఒక మూల ఖాళీగా ఉంది. అక్కడ నాకు బల్ల, దీపం, పుస్తకాల అర కావాలి. అమ్మకు వాషింగ్ మెషీన్ కావాలి.

నాన్న తీర్పు: "కొత్త సంవత్సరం దాకా షట్టరు బాగోగులు నువ్వు చూడు కెజియా. మెకానిక్‌ని పిలిచే పని పడకపోతే మూల నీది. పడిందా, మీ అమ్మది."

అమ్మ నవ్వింది. అమ్మ నర్సు. అలా నవ్వాక ఇంజెక్షన్ తప్పదు.

నా విధులు: రోజూ షట్టరు జారే పట్టాలు తుడవాలి. వారానికోసారి గ్రీజు. ఏదైనా అడ్డొస్తే షట్టరును ఆపే ఎర్ర కన్నును పరీక్షించాలి. మోటారు మొరాయిస్తే చేత్తో లాగే గొలుసు సిద్ధంగా ఉండాలి.

డిసెంబరు 2
నిఘంటువులో గ్రీజుకు తెలుగు మాట దొరికింది. కందెన. ఎంత నున్నటి మాట! డిగ్రీలో తెలుగు చదువుతూ ఇన్నాళ్ళు ఇది తెలియకుండా ఎలా బతికాను?

పట్టాలు తుడిచాను. కందెన పూశాను. షట్టరు దిగుతుంటే నాయనమ్మ చెప్పు అడ్డం పెట్టాను. టక్కున ఆగి, పైకి వెళ్ళిపోయింది.

"నా చెప్పంటే దానిక్కూడా భయమేనే," అంది నాయనమ్మ.

డిసెంబరు 5
తుడిచాను. ఒక వైపు. రెండో వైపు కారు అడ్డం ఉంది.

డిసెంబరు 8
పరీక్షలు దగ్గరపడ్డాయి. పట్టాలను చూసి రావడమే కుదిరింది. చూడటం కూడా సంరక్షణే. పెద్ద డాక్టర్లు చేసేది అదే.

గొలుసు ఊరికే వేలాడుతోంది. క్రిస్మస్ నక్షత్రాన్ని దానికే కట్టి, రంగు దీపాల తీగ చుట్టాను. గ్యారేజీకి కళ వచ్చింది.

డిసెంబరు 12
గ్రీజు వాసన పుస్తకాలకు అంటుకుంటోంది. పక్కింటి సాయిచంద్ అంకుల్ బైక్ చైన్‌కి కావాలంటే డబ్బా ఇచ్చేశాను.

"మళ్ల తెచ్చిస్త బిడ్డా," అన్నాడు.

తొందరేం లేదన్నాను. నిజంగానే లేదు.

డిసెంబరు 14
నాన్న: "ఈ వారం గ్రీజు పెట్టావా?"

నేను: "ఇప్పుడే వెళ్తున్నా నాన్నా."

పూర్వం బండి ఇరుసుకు కందెనగా ఏం వేసేవారని నాయనమ్మను అడిగాను. ఆముదమంది. ఇంట్లో ఆముదం లేదు. కొబ్బరినూనె ఉంది. ఒక సీసా మొత్తం పట్టాల్లో పోశాను. షట్టరు పట్టుచీర జారినట్టు జారింది. గ్యారేజీ అంతా కమ్మటి వాసన. మూలలో బల్ల ఎటు తిప్పి వేయాలో ఆలోచిస్తూ కాసేపు నిలబడ్డాను.

డిసెంబరు 17
చలి పెరిగింది. తలకు రాసుకుందామంటే కొత్త సీసాలో నూనె గడ్డకట్టింది. ఎండలో పెట్టాను. షట్టరు మూలుగుతోంది. ఈ రెంటికీ సంబంధం లేదని నా నమ్మకం.

నాన్న రిమోట్ నొక్కినప్పుడల్లా క్రిస్మస్ క్యారల్ పాట గట్టిగా అందుకుంటున్నాను. మూలుగు వినపడటం లేదు.

"ఈసారి పిల్లకు పాటల మీద శ్రద్ధ పెరిగింది జాయ్స్," అన్నాడు నాన్న.

"షట్టరు లేచినప్పుడే ఎందుకు పెరుగుతోందో కనుక్కోండి," అంది అమ్మ.

డిసెంబరు 20
రాయడానికి చెయ్యి రావడం లేదు. రాస్తాను.

ఇవాళ సాయంత్రం చర్చి క్యారల్ బృందం మా ఇంటికి వచ్చే వంతు. కారు వీధిలో పెట్టి, గ్యారేజీలో కుర్చీలు వేసి, కేకు, టీ సిద్ధం చేశాం. చలిగాలికి షట్టరు దించాం. వీధిలో గిటారు వినపడగానే నాన్న దర్జాగా రిమోట్ నొక్కాడు. నేను పాట అందుకున్నాను.

షట్టరు నడుము ఎత్తు దాకా లేచి ఆగిపోయింది. మళ్ళీ నొక్కితే మోటారు కాలిన వాసన. నా పాట ఒక్కటే మిగిలింది.

బయట అన్నీ కాళ్ళే. ముందు వరసలో పాస్టరుగారి బూట్లు.

"గొలుసు లాగండి," అంది అమ్మ.

నాన్న లాగాడు. నక్షత్రం ఊడి వచ్చి ఆయన తల మీద వాలింది. దీపాల తీగకు చిక్కుకుని గొలుసు కదల్లేదు.

సాయిచంద్ అంకుల్ వంగి తొంగి చూశాడు. "ఏంది ప్రభుదాస్ అన్నా, గిట్ల ఆగింది? గ్రీజు పెట్టలేదా? పాప నాకిచ్చింది గదా, ఇంట్ల ఇంకో డబ్బా ఉందనుకున్న. మొత్తం వాడేసిన."

నాన్న నా వైపు తిరిగాడు. నక్షత్రం ఇంకా తల మీదే వెలుగుతోంది.

"యేసు పుట్టిన పశువుల పాకలోకి గొర్రెల కాపరులు కూడా వంగే వెళ్ళుంటారు, రండి," అంటూ పాస్టరుగారే ముందు దూరారు. వెనకే అందరూ. నాయనమ్మ కుర్చీలోంచి కదలకుండా, వంగి వచ్చిన ప్రతి తల మీదా చెయ్యి పెట్టి దీవించింది. తన జన్మలో ఇంతమంది తన ముందు వంగలేదట.

డిసెంబరు 22
మెకానిక్ వచ్చాడు. పట్టాల్లోంచి దుమ్ము కలిసిన ముద్దను గీకి, వాసన చూశాడు. "దీన్ల ఏం వండిన్రు సార్?" అన్నాడు.

అమ్మ టేపు తెచ్చి మూల కొలవడం మొదలుపెట్టింది.

డిసెంబరు 26
మూలలోకి వాషింగ్ మెషీన్ చేరింది. దాని మీద పుస్తకం పెట్టుకుని చదివి చూశాను. బట్టలు పిండేటప్పుడు వ్యాకరణం వణికింది.

జనవరి 1
చర్చిలో తలా ఒక బైబిలు వాక్యం ఉండే కొత్త సంవత్సరపు వాగ్దాన కార్డులు తీసుకున్నాం. నాన్నకు తెరిచిన తలుపు గురించిన వాక్యం వచ్చింది. చదివి, జేబులో పెట్టుకుని, నన్ను చాలాసేపు చూశాడు. అదను ఇదేననుకున్నాను.

"నాన్నా, ఈస్టర్ దాకా ఇంకో అవకాశం ఇవ్వవూ? ఈసారి నెగ్గితే మెషీన్ మేడ మీదికి."

"నా మెషీన్‌తో మీకు పందేలేంటి?" అంది అమ్మ.

"ఇవ్వవే జాయ్స్, పాపం," అంది నాయనమ్మ. "వచ్చే క్యారల్స్‌కి కూడా అందరూ వంగి రావద్దూ?"

నాన్న నవ్వాపుకోలేక సరేనన్నాడు. ఇంటికొస్తూ దారిలో కొత్త గ్రీజు డబ్బా కొనిచ్చాడు.

తీర్మానం: రోజూ పట్టాలు తుడవాలి. వారానికోసారి గ్రీజు, గ్రీజు మాత్రమే. గొలుసుకు ఏమీ కట్టకూడదు.

రేపటి నుంచి. ఇవాళ కొత్త బట్టల్లో ఉన్నాను.