ఆంబోతుకు తెచ్చిన ఉలవలు

నాగలమడిక, శ్రావణ మంగళవారం, రాత్రి

ఇవాళ హనుమక్క ఎదకొచ్చిన ఆవును మా పశువుల ఆసుపత్రికి తోలుకొచ్చింది. కొంగున నానబెట్టిన ఉలవలు మూటగట్టుకొచ్చింది. ఆవును దాటిన ఆంబోతుకు గుప్పెడు ఉలవలు పెట్టడం వాళ్లింటి ఆనవాయితీ.

"ఆంబోతు యాడుండాదప్పా?" అని చుట్టూ చూసింది.

నైట్రోజన్ క్యాన్ మూత తీశాను. తెల్లటి పొగ పొంగి నేలమీద పాకింది. ఆంబోతు వీర్యం గడ్డకట్టి ఉన్న స్ట్రాను పట్టకారుతో తీసి గోరువెచ్చని నీళ్లలో వేశాను. ఆవుకు ఎక్కించే ముందు ఒక్క చుక్క మైక్రోస్కోపు కింద పెట్టి ఆమెను చూడమన్నాను. చాలాసేపు కన్ను తియ్యలేదు.

"ఓయమ్మా! చేపపిల్లల మాదిరి ఈదతాండాయి. ఏ ఊరి ఆంబోతప్పా ఇది?"

"అది చచ్చిపోయి శానా ఏండ్లాయె అక్కా."

రోజూ చేసే పనే. ఆ మాట నా నోటితో అనేసరికి నా ఒళ్లే జలదరించింది. ఎప్పుడో పోయిన జీవి, ఇక్కడ, మా బల్లమీద, కదులుతోంది!

పనయ్యాక ఆమె ఉలవలు ఆవు నోటికే అందించింది. "దాని కూలి దాని బిడ్డకే చేరనీ" అంది.

చూలు నిలుస్తుందో లేదో. నిలిచినా గడ్డి లేక ఆవును సంతకు తోలేస్తుందేమో...

ఆమె వెళ్లాక, నైట్రోజన్ ఎంత మిగిలిందోనని క్యాన్‌లో పుల్ల ముంచి చూశాను. ఈ కరువులో గడ్డీ నీళ్లూ అడగని మంద ఊళ్లో ఇదొక్కటే. చలి ఒక్కటి ఉంటే చాలు దానికి. పుల్లకు మంచు రెండు వేళ్ల ఎత్తే పట్టింది. నైట్రోజన్ తెచ్చే జీపు ఈ వారం కూడా రాలేదు.