తక్కువ వర్షపాతమంతా నా పెళ్ళి మీదే పడుట గురించి

వాతావరణ కేంద్రం ముఖ్య అధికారి గారి సముఖమునకు

అయ్యా,

విషయం: తమ కార్యాలయం మూడు నెలల ముందు ఇచ్చిన సూచనను నమ్మి ఆరుబయట తలపెట్టిన వివాహం ఆగిపోవుట, తగు న్యాయం కోరుట గురించి.

నేను పళ్ళ డాక్టరును. వయసు యాభై రెండు. మా క్లినిక్ కింద లైబ్రరీ కలదు. దానిని నడుపు ఆవిడ సమ్మతి కొరకు ఏళ్ళ తరబడి వేచియుండి, తుదకు పొందితిని. తదుపరి జరిగినది ఇది.

1. పెళ్ళి హాల్లో చేసుకుందామని ఆమె, పార్కులో అని నేను. "ఆకాశాన్ని నమ్ముకుని పెళ్ళేంటండీ?" అని ఆమె అడిగినది. నేను తమ ప్రకటనలోని "సాధారణం కంటే తక్కువ వర్షపాతం" అను వాక్యం చూపించితిని. "తక్కువంటే అసలు ఉండదని కాదు కదా?" అన్నది. నేను నవ్వితిని. ఆ నవ్వుకు మిక్కిలి చింతించుచున్నాను.

2. నిర్ణీత దినమున రిజిస్ట్రారు గారు నోరు తెరిచిన క్షణముననే ఆకాశమూ తెరుచుకున్నది. అతిథులు కేకు బల్ల కింద దూరిరి. బ్యాండువారి పెద్ద బూరా నీళ్ళతో నిండి, ఊదినప్పుడల్లా మా అమ్మ ముఖమున చిమ్మినది. పెళ్ళికూతురు కొంగు పిండుకుంటూ, "నా మాట కంటే ఆ ఆఫీసు మాటే ఎక్కువైనప్పుడు, వెళ్ళి ఆ ఆఫీసునే చేసుకోండి!" అని వెళ్ళిపోయినది.

3. మరునాడు తమ కార్యాలయమునకు ఫోను చేయగా ఒక ఉద్యోగి, "అది సీజను మొత్తం లెక్కండీ. ఏ రోజు పడుతుందో అంత ముందు ఎవరు చెప్పగలరు? అయినా మొత్తమ్మీద తక్కువే పడిందిగా, మా మాట తప్పలేదు" అని సెలవిచ్చిరి. అయ్యా, ఆ తక్కువంతా మా మీదే పడినది! తమ మాట నిజమగుటయే నా ప్రధాన ఫిర్యాదు.

4. ప్రస్తుతం నేను లైబ్రరీకి వెళ్ళినచో "ఏ పుస్తకం కావాలి?" అని మాత్రమే ఆమె అడుగుచున్నది. చేతికందినది తెచ్చుకొనుచున్నాను. కోళ్ళ పెంపకం గురించి నాకిప్పుడు చాలా తెలుసు. మా అమ్మ, "వానను తిట్టింది చాలు, వెళ్ళి ఆ పిల్లని బతిమాలుకోరా. నీకు పీకడమే గానీ అతికించడం రాదు" అనుచున్నది.

కావున, ఇకపై తమ ప్రకటన అడుగున "దీన్ని చూసి పెళ్ళిళ్ళు పెట్టుకోరాదు" అని పెద్ద అక్షరములతో వేయించి, నేను మూర్ఖుణ్ణి కానని ఆమెకు ఒక ముక్క రాసి పంపవలెనని ప్రార్థన. ఆవిడ మాట్లాడకపోతే నాకు ఎండైనా ఒకటే, వానైనా ఒకటేనండీ. ఈ తడిసిన మనవిని ఆరకముందే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఇంకనూ పెళ్ళికాని పళ్ళ డాక్టరు

తా.క.: తప్పులు దిద్దిపెట్టమని దీనిని ఆమెకే ఇచ్చితిని. చదివి, బల్ల మీద తల వాల్చి నవ్వినది. "'మూర్ఖుణ్ణి' సరిగ్గానే రాశారు. 'కానని' అన్నదే తప్పు" అని దిద్దినది. ఈ ఉదయం రిజిస్ట్రారు ఆఫీసులో మాకు పెళ్ళైనది. బయట ఎండ పేలిపోవుచుండగా, లోపల నెత్తి మీది నీళ్ళ గొట్టం పగిలి ఇద్దరమూ నిలువునా తడిసితిమి. నీటి సరఫరా శాఖవారికి వేరుగా అర్జీ పెట్టుకొందునంటే మా ఆవిడ కలం లాక్కొనుచున్నందున ఇంతటితో