పిచ్చుక నా ఎడమపక్కన పాడుతుంది

నవంబరు 12, బుధవారం

చిరంజీవి మనవరాలికి అమ్మమ్మ ఆశీస్సులు.

ఇక్కడ తాతయ్య క్షేమం, ఆయన దగ్గు అంతకంటే క్షేమం. నా సంగతి చివర్లో రాస్తాను. ముందే ఆఖరి పేజీ తిప్పి చదివే అలవాటు నీకుంది. ఈసారి ఆ పని చెయ్యకు. ఫోనులో చెప్పగలిగితే ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

నీ ప్రశ్నలకు వరసగా జవాబులు. మోకాలు పర్వాలేదు. కచేరీకి అందరం నల్లబట్టలే వేసుకోవాలి. నావి దర్జీ మళ్లీ చేతులు పొడుగు కుట్టాడు, తిప్పి పంపాను. యూనివర్సిటీ గాయక బృందంలో నా ఈడువాళ్లు ఇంకెవరున్నారని అడిగావు. ఎవరూ లేరు. రిటైరైన టీచర్లు కూడా ఆడిషన్‌కు రావచ్చని నోటీసులో రాశారు గానీ, నిజంగా ఎవరైనా వస్తారని వాళ్లనుకోలేదు. లెక్కలు చెప్పి పిల్లల్ని ఏడిపించింది చాలక ఇప్పుడు పాడి ఏడిపిస్తావా అన్నారు తాతయ్య. అయినా రిహార్సల్ రోజున గుమ్మం దాకా వచ్చి గొడుగు అందిస్తారు.

నా పక్కన నిలబడేదెవరని కూడా అడిగావు. ఎడమపక్కన మొదటి సంవత్సరం అమ్మాయి. బక్కపలచగా ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు. మా వరస మంద్రంలో పాడుతుంది. పక్కవాళ్ల గొంతు మన చెవిలో పడుతుండాలి, మన గొంతు అందులో కలిసిపోవాలి. అదీ మాకు పాట నేర్పే మాస్టారి పద్ధతి. కొన్ని వారాలుగా వరసలో మేమున్న చివర శ్రుతి దిగుతోందని ఆయన పాట ఆపేస్తున్నారు. నాకేమో కుడిపక్క వాళ్ల హోరు తప్ప పిచ్చుక గొంతు ఒక్కసారీ వినపడలేదు. పెదాలు మాత్రం కదులుతున్నాయి. ఒళ్లు మండింది. నేరుగా మాస్టారి గదికి వెళ్లి, ఈ పిల్ల పాడటం లేదు, నోరాడిస్తోంది అని చెప్పాను. నా మాట మీద ఆయనకు గురి. ఎల్లుండి శుక్రవారం ఉదయం దానికి మళ్లీ ఆడిషన్ పెట్టారు. ఆయనకు నచ్చకపోతే దాని చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు.

నిన్న రిహార్సల్ అయ్యాక అది మెట్లమీద నా కుడిపక్కన వచ్చి కూర్చుంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"బామ్మగారూ, నా గొంతు అసలు రావట్లేదా? హాస్టల్లో అందరూ తగ్గించుకోమంటారే! కొంచెం విని చెప్పరూ?"

మా వరస భాగం పాడింది. గంట మోగినట్టుంది. శ్రుతి వెంట్రుకవాసి కూడా తప్పలేదు. దాన్ని ఎడమపక్కకు రమ్మని, కుడిచెవి వేలితో మూసుకుని, మళ్లీ పాడమన్నాను.

పెదాలు కదిలాయి. అంతే.

ఇక నువ్వు అడిగిన ఆఖరి ప్రశ్న. ఫోను ఎత్తి, "మాట్లాడనివాళ్లు ఫోనెందుకు చేస్తారు" అని తిట్టి, ఎందుకు పెట్టేస్తున్నావని. నేను ఫోను ఎప్పుడూ ఎడమచెవికే పెట్టుకుంటాను తల్లీ. అది నువ్వని నాకు తెలియలేదు.

నాకు భయంగా ఉంది. తాతయ్యకు ఇంకా చెప్పలేదు. ఇందాక కాసేపు కుడివైపు ఒత్తిగిలి పడుకున్నాను. చెవి దిండుకు ఆనగానే గది మొత్తం పోయింది. ఫ్యాను లేదు, వీధి లేదు, ఆయన దగ్గు లేదు. ఉలిక్కిపడి లేచి కూర్చుని, ఆయన ఎప్పుడు దగ్గుతారా అని ఎదురుచూశాను. రెండోది కూడా పోతే? పొద్దున చెవి డాక్టరు దగ్గరికని బయల్దేరి, బోర్డు చదువుకుని వెనక్కి వచ్చేశాను. మాస్టారికి నిజం చెబితే నా చోటు పోతుంది. చెప్పకపోతే పిచ్చుకది పోతుంది. ఎన్నో ఏళ్లు పిల్లల తప్పులకు ఎర్రసిరాతో సున్నాలు చుట్టాను, ఈసారి నా తప్పుకు నేనే చుట్టుకోవాలి.

అందుకని, వెనక్కి తగ్గకుండా నీకు రాసి పంపుతున్నాను. ఇకమీదట జరగవలసినవి:

1. రేపు ఉదయమే పిచ్చుకను వెంటబెట్టుకుని మాస్టారి గదికి వెళ్లాలి. శ్రుతి తప్పింది నేనని దాని ఎదుటే చెప్పాలి.

2. అక్కణ్నుంచి తిన్నగా డాక్టరు దగ్గరికి. తాతయ్య కూడా రావాలి. డాక్టరు చెప్పేదంతా వినేవాళ్లొకరు ఉండాలి.

3. నువ్వు కచేరీ టికెట్టు వాపసు చెయ్యకూడదు. నేను వేదిక మీద లేకపోతే నీ పక్కన ఉంటాను. నాకు కుడివైపు కూర్చో.

4. ఈ ఉత్తరం అందగానే ఫోను చెయ్యి. కుడిచెవికి పెట్టుకుంటాను. ఎత్తీ ఎత్తగానే ఏదో ఒకటి మాట్లాడు, ఒక్క క్షణం కూడా ఊరుకోకు.

ఇట్లు,
నీ ఫోను కోసం కాచుకుని కూర్చున్న
అమ్మమ్మ