ప్రముఖులు కాని పదకొండు మంది

బంగారు అమ్మకి,

నాన్న పోయిన తారీఖున ఆ సంగతి మా పేపర్లో వస్తుందా అని అడిగావు. రాదు.

"చరిత్రలో ఈ రోజు" శీర్షికకి నేను సంగతులు వెతుకుతాను, పెద్దసారు ఎంచుతారు. ఎంచడమంటే ఏమిటో చెబుతాను. రోజుకి ఐదు కావాలి. నాలుగే దొరికితే పక్క తారీఖులో మిగిలినదాన్ని ఇటు జరుపుతారు. ఒక చక్రవర్తి మా పేపర్లో రెండు రోజులు చనిపోయాడు. ఎవరూ అడగలేదు.

ఆ తారీఖున వంతెన ప్రారంభించిన మంత్రి ఉన్నాడు. జూలో ఏనుగుపిల్లకి పేరు పెట్టిన వైనం కూడా ఉంది. ఆ వంతెనే, ప్రారంభానికి నాలుగేళ్ళ ముందు, అదే తారీఖున, కడుతుండగా కూలిపోయి పదకొండు మంది పోయారని ఒక్క వాక్యం రాసిచ్చాను. నాన్న సంగతి చెప్పలేదు. సారు కళ్ళజోడు నుదుటికెక్కించి, "ఇందులో ప్రముఖులెవరైనా ఉన్నారా?" అన్నారు.

"లేరండీ. కూలీలు."

"మరింకేం! పొద్దున్నే కాఫీతో పాటు శవాలెందుకమ్మా జనానికి?"

పెద్దల ముందు గొంతు పెంచకూడదని కాన్వెంటులో సిస్టర్లు నేర్పారు. అంత బాగా నేర్చుకున్నందుకు నా మీద నాకే రోత పుట్టింది.

నీ చిన్నది


అమ్మా, నా తల్లీ,

నిన్న మధ్యాహ్నం నోరు విప్పాను. "ఆ పదకొండు మందిలో మా నాన్న ఉన్నారండీ" అన్నాను.

సారు కుర్చీలోంచి లేచారు. సిగ్గుపడ్డారనుకున్నాను. పిచ్చిదాన్ని.

"అయ్యో, ముందే చెప్పొద్దటమ్మా! మనవాళ్ళ సంగతైతే వేరు. 'మన ఉద్యోగిని తండ్రి దుర్మరణం' అని పెడదాం. ఫొటో ఉందా?"

"మిగతా పదిమందీ?"

"వాళ్ళు మనకేమవుతారు?"

జాలి పడడానికి కూడా సిఫార్సు కావాలి ఈ మనిషికి! నేనిక్కడ గుమాస్తాని కాబట్టి నాన్న ప్రముఖుడయ్యాడమ్మా. నాన్న పక్కన ఇటుకలు మోసినవాళ్ళు కాలేకపోయారు.

"సరేనండీ" అన్నాను. ఆయన మురిసిపోయి, పేజీ నన్నే అచ్చుకి పంపెయ్యమని ఇంటికెళ్ళారు.

వెంటనే నీకు ఫోన్ చేశాను. పదకొండు పేర్లూ తడబడకుండా చెప్పావు. ఎందుకని అడగలేదు. ఆ వరసలోనే వేశాను. నాన్న ఏడోవాడు. ఫొటో వెయ్యలేదు. అన్ని పేర్లకి చోటు కావాలిగా, మంత్రినీ ఏనుగునీ తక్కినవాళ్ళనీ తీసేశాను. సారు బల్ల మీద రాజీనామా పెట్టి వచ్చేశాను.

ఇవాళ్టి పేపరు దీంతో పంపుతున్నాను. చూడు, ఈ తారీఖున చరిత్రలో ఇంకేమీ జరగలేదు.

నీ చిన్నది