మడిచిన రెక్క

క్రుషెవో,
నవంబరు 3, ఆదివారం.

చిరంజీవి మెతోదికి నౌమ్ బాబాయి దీవెనలు.

ఇక్కడ అందరం క్షేమం అని మొదలుపెట్టడం మర్యాద. నా మోకాళ్లు తప్ప తక్కినవన్నీ క్షేమమే. నువ్వు స్కోప్యేలో ఏదో గోదాములో పనికి కుదిరావనీ, ఎవరు చేసినా ఫోన్ ఎత్తడం లేదనీ విన్నాను. మంచి పని చేశావు. మనిషి మొహం చూడకుండా అబద్ధమాడటానికి ఫోన్‌ని మించిన పనిముట్టు లేదు. అందుకే కాగితం పట్టాను.

పొద్దున పారాగ్లైడర్ రెక్కలతో ఎగిరే మిమ్మల్ని వ్యానులో కొండెక్కించి, సాయంత్రం ఎక్కడెక్కడో దిగినవాళ్లని ఏరుకు రావడంలో నాకు ఇరవై రెండేళ్లు గడిచాయి. ఒకడు పొగాకు చేలో దొరికేవాడు, ఒకడు ఎవరి పెళ్లి విందులోనో. నువ్వు మొదటిసారి దిగింది సన్యాసినుల మఠం పెరట్లో. ఆ పెద్దావిడ నీకు చిన్న గ్లాసుతో రాకియా సారా పోసి, "రెక్కలతో వచ్చే దేవదూతల కోసం నలభై ఏళ్లుగా ప్రార్థిస్తున్నా. తీరా వచ్చింది నువ్వట్రా?" అందని నువ్వే చెప్పావు.

విషయానికి వస్తాను. బండి కదిలేముందు నేను రోజూ చదివే మంత్రం నీకు కంఠతా వచ్చు. దిగినవాడు బాగుంటే వెంటనే రెక్క చుట్టేయాలి. పరిచి ఉంచితే సాయం కావాలని. పైనుంచి చూసినవాడు రేడియోలో చెప్పాలి. వెనక సీట్లోంచి ఇల్చో, "బాబాయ్, పెళ్లినాటి ప్రమాణాలు కూడా ఇలాగే గుర్తున్నాయా?" అని దెప్పేవాడు. "అవి రోజూ చదివించలేదురా మీ పిన్ని" అనేవాణ్ణి.

ఆగస్టు పద్నాలుగునా అదే మంత్రం, అదే దెప్పు. మీరంతా మధ్యాహ్నం ఎగిరి మైదానం దాటారు. రెండింటికి ప్రిలెప్ వెనక కొండ మీద ఇల్చో పడ్డాడు. రెండున్నరకి నువ్వు ఆ పైనుంచి వెళ్తూ, "ఇల్చో దిగాడు, రెక్క చుట్టే ఉంది, నేను ముందుకెళ్తున్నా" అని రేడియోలో చెప్పావు. ఆ రోజు నూట ముప్పై కిలోమీటర్లు ఎగిరావు. నీ జన్మలో అంత దూరం ఎప్పుడూ పోలేదు. అదే నీ కొంప ముంచింది.

సహాయ దళం ఎక్కేసరికి సాయంత్రం అయిదున్నర. రెక్క బారుగా పరిచి ఉంది, నాలుగు మూలలా నాలుగు రాళ్లు. ఇల్చో దారిలోనే పోయాడు. ఒక్క గంట ముందు తెచ్చుంటే బతికేవాడన్నాడు డాక్టరు.

అప్పటినుంచీ పావ్లినాది ఒకటే మాట. "నడుం విరిగినవాడు పాక్కుంటూ పోయి రెక్క పరిచి, రాళ్లు పెట్టి నా మొగుడు వాణ్ణి పిలిచాడు. వాడు చూసి కూడా రికార్డు కోసం పోయాడు" అని. ఊరంతా ఆమె మాటే అంటోంది.

నిన్న మృతుల శనివారం. మీ అమ్మ కూడా పోయినవాళ్ల పేరిట పంచే ఉడికించిన గోధుమలు తెచ్చి శ్మశానం గేటు దగ్గర నిలబడింది. ఆమె గిన్నెలో ఎవరూ చెయ్యి పెట్టలేదు. నేను రెండు చెంచాలు తిన్నాను. ఎత్తునుంచి చూస్తే ఎవరైనా పొరబడతారమ్మా అన్నాను. "నా కొడుక్కి కళ్లు బాగానే ఉన్నాయి నౌమ్" అంది.

ఒంట్లో జాగ్రత్త. చలి ముదిరేలోగా ఒకసారి ఇంటికి రా.

ఇట్లు,
నౌమ్ బాబాయి

తా.క.: పైదంతా ఈ నాలుగు ముక్కలు రాయకుండా తప్పించుకోడానికి రాసింది.

ఇల్చోని ముందు చేరింది, కింద వ్యానులో మీ వెంటే వస్తున్న నేనని అందరికీ తెలుసు. వెళ్లేసరికే రెక్క పరిచి ఉందని నేను చెప్పిన మాట అబద్ధం. గాలికి ఆ రెక్క ఉబ్బి వాణ్ణి రాళ్లమీద ఈడ్చుకుపోతోంది. పట్టి లాగి, చుట్టి, పక్కన పెట్టాను. ఇరవై రెండేళ్ల చేతి అలవాటు. "బాబాయ్, తొందరగా" అన్నాడు. వాడి రేడియో పగిలింది, నాది కింద వ్యానులో ఉండిపోయింది, ఫోన్‌కి సిగ్నల్ లేదు. కిందికి పరుగెత్తుతుంటే ఓక్ చెట్ల సందులోంచి నీ ఎర్ర రెక్క కనిపించింది. ఒక చుట్టు తిరిగి వెళ్లిపోయావు. అప్పుడు గుర్తొచ్చింది నా మంత్రం. మళ్లీ పైకెక్కి పరిచాను. రాళ్లు పెట్టింది నేనే. ఆ తర్వాత అటుగా ఎవరూ ఎగరలేదు. ఆ ఎక్కి దిగడంలో ఇంకో గంట పోయింది.

నిన్న సమాధి దగ్గర పావ్లినా మొదటి పిడికెడు గోధుమలు నా చేతిలోనే పోసింది. "నువ్వైనా వాడి దగ్గరికి వెళ్లావు" అంది. తిన్నాను.

ఈ ఉత్తరానికి రెండో ప్రతి రాసి, పొద్దున్నే ఆమె తలుపు కింద తోసి వచ్చాను. నువ్వు చూసింది చూసినట్టే చెప్పావురా. రెక్క చుట్టే ఉంది.